పాత కారు ఇంజన్‌కి రబ్బరు సీళ్లు: పేరుతో కాదు, కొలతతో వెతకాలి

తయారీ ఎప్పుడో ఆగిపోయిన కారుకి ఆయిల్ సీల్ (తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) కావాలని మోడల్ పేరు చెబితే "లేదండీ" అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. అదే సీల్‌ని 40×62×8 అని అడగండి, బేరింగుల షాపులో అరలోంచి తీసి ఇవ్వవచ్చు. కార్ల కంపెనీలు చాలావరకు సీళ్లను వాటి తయారీదారుల దగ్గరే కొనేవి. ఆ సైజులు పంపులకీ, గేర్‌బాక్సులకీ, ట్రాక్టర్లకీ ఇప్పటికీ తయారవుతున్నాయి. తేల్చుకోవాల్సినవి మూడే: కొలత, రబ్బరు రకం, లిప్ (షాఫ్ట్‌ని ఒరుసుకునే సీల్ లోపలి అంచు) తీరు.

ముందు లీకు ఎక్కడిదో చూడండి

కారిన ఆయిల్ కిందికి జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. వెనక క్రాంక్ సీల్ (ఇంజన్ ప్రధాన షాఫ్ట్‌కి వెనక వైపుది) పోయిందని గేర్‌బాక్సు దించాక, అసలు దోషం ఇంజన్ పైనుండే టాపెట్ కవర్ గ్యాస్కెట్‌దని తేలడం మామూలే. ఇంజన్‌ని కడిగి ఆరబెట్టి, అనుమానమున్న చోట టాల్కం పౌడర్ చల్లండి. పదిహేను నిమిషాలు నడిపి, ఆపాక చూడండి. పౌడర్ తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదాని దగ్గర మొదలుపెట్టండి.

ఇంజన్ లోపలి గ్యాసుని బయటికి వదిలే బ్రీదర్ గొట్టాన్నీ తప్పక చూడండి. అది పూడుకుపోతే, పిస్టన్ రింగులు దాటి వచ్చిన గ్యాసుకి దారి లేక క్రాంక్‌కేసులో (క్రాంక్ షాఫ్ట్ తిరిగే ఇంజన్ కింది భాగంలో) పీడనం పెరుగుతుంది. అప్పుడు ఎంత మంచి సీల్ వేసినా ఆయిల్ దాని లిప్‌ని తోసుకుని బయటికొస్తుంది. కొత్త సీల్ కొన్నాళ్లకే కారిందంటే, సీల్‌ని తిట్టుకునే ముందు ఈ గొట్టం విప్పాలి.

పాత సీల్‌ని నమ్మకండి, ఇంజన్‌ని కొలవండి

సీల్ పీకే ముందు అది ఎంత లోతున కూర్చుందో, ఏ ముఖం బయటికుందో రాసుకోండి. తీశాక దాని మీది అంకెలు చదవండి. వరుస ఎప్పుడూ ఒకటే: షాఫ్ట్ వ్యాసం, బోర్ (సీల్ కూర్చునే రంధ్రం) వ్యాసం, మందం. అంకెలు చెరిగిపోతే చాలామంది సీల్ లోపలి వ్యాసం కొలిచి అదే షాఫ్ట్ సైజు అనుకుంటారు. అది తప్పు. బిగుతు కోసం లిప్‌ని షాఫ్ట్ కంటే కొంచెం చిన్నగా చేస్తారు. పైగా పాతబడిన లిప్ అరిగి, గట్టిపడి ఉంటుంది. షాఫ్ట్‌ని అరగని చోట మైక్రోమీటర్‌తో, బోర్‌ని రెండు మూడు దిక్కుల్లో వెర్నియర్‌తో కొలవండి.

అంగుళాల లెక్కలో చేసిన ఇంజన్ల దగ్గర ఇంకో చిక్కుంది. ఒకటిన్నర అంగుళాల షాఫ్ట్ అంటే 38.1 మి.మీ. దానికి 38 మి.మీ. సీల్ లిప్ ఇబ్బంది లేకుండా సర్దుకుంటుంది. బోర్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. రెండుంపావు అంగుళాలు 57.15 మి.మీ. అవుతుంది, 57 మి.మీ. సీల్‌కి పట్టు చాలదు, వేడెక్కాక మెల్లగా జారి బయటికొస్తుంది. సీల్ బయటి వ్యాసం బోర్ కంటే 0.1 నుంచి 0.3 మి.మీ. ఎక్కువ ఉంటేనే గట్టిగా కూర్చుంటుంది. సిలికోన్ పూసి వదులు సీల్‌ని నిలబెట్టే ప్రయత్నం వద్దు. అంగుళాల సైజుల జాబితాలో వెతకండి. మందం కాస్త తక్కువైనా నడుస్తుంది. ఎక్కువైతే మాత్రం ఆయిల్ తిరిగెళ్లే రంధ్రాన్ని మూసేయవచ్చు.

పక్కన ఉండే అక్షరాలూ పనికొస్తాయి. టీసీ అంటే బయట రబ్బరు తొడుగు, ఆయిల్ లిప్‌తో పాటు దుమ్ము ఆపే రెండో లిప్. ఎస్‌సీలో ఒకే లిప్. టీబీ, ఎస్‌బీ అయితే బయట వట్టి లోహం. అల్యూమినియం కవర్లకి రబ్బరు తొడుగుదే మేలు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. రబ్బరు ఆ సందుని నింపుతుంది, చిన్న గీతల్నీ కప్పుతుంది. లిప్ మీద ఏటవాలు గీతలు, బాణం గుర్తు ఉంటే ఆ సీల్ ఒకే దిక్కున తిరిగే షాఫ్ట్‌కి. ఎదురు దిక్కున తిరిగే షాఫ్ట్‌కి వాడితే ఆయిల్‌ని లోపలికి లాగాల్సింది బయటికి పంపుతుంది.

రబ్బరు రకం

నైట్రైల్ మామూలు రబ్బరు. ఆయిల్‌కి బాగా ఆగుతుంది, సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు హాయిగా పనిచేస్తుంది. పాలీఅక్రిలేట్ 150 దాకా, ఎఫ్‌కేఎం 200 దాకా తట్టుకుంటాయి. వైటాన్ అని అందరూ పిలిచేది ఈ ఎఫ్‌కేఎంనే.

ఆయిల్ వేడి ఒక్కటే చూస్తే సరిపోదు, లిప్ కింద షాఫ్ట్ జారే వేగమూ ముఖ్యమే. 80 మి.మీ. వెనక క్రాంక్ షాఫ్ట్ నిమిషానికి 5000 చుట్లు తిరిగితే సెకనుకి దాదాపు 21 మీటర్ల వేగం. నైట్రైల్ పన్నెండు పద్నాలుగు మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. లిప్ కాలి, గాజులా గట్టిపడి పగులుతుంది. అందుకే వెనక సీల్‌కి ఎఫ్‌కేఎం తీసుకోండి. ముందు సీల్ 40 మి.మీ. అయితే అదే చుట్ల దగ్గర వేగం సగమే, నైట్రైల్ చాలు.

సిలికోన్ వేడికి ఆగుతుంది, పెట్రోల్ తగిలితే ఉబ్బిపోతుంది. ఈపీడీఎం నీళ్లకీ కూలెంట్‌కీ మంచిది, ఇంజన్ ఆయిల్‌లో పాడైపోతుంది. ఈ రెంటినీ తప్పు చోట వాడితే పని చెడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడుతుంటే పంపు, కార్బురేటర్ సీళ్లని ఎఫ్‌కేఎంకి మార్చడం మంచిది. రంగు చూసి రకం నిర్ణయించకండి. ఎఫ్‌కేఎం గోధుమ రంగులోనూ వస్తుంది, నలుపులోనూ వస్తుంది. చేతిలో బరువు కొంత చెబుతుంది: ఒకే సైజువి రెండు పట్టుకుంటే ఎఫ్‌కేఎం స్పష్టంగా బరువు. కాలి బొగ్గైన ఎఫ్‌కేఎం ముక్కని మాత్రం వట్టి చేత్తో ముట్టుకోకండి, అందులో చర్మాన్ని కాల్చే ఆమ్లం ఉండవచ్చు.

పాత డబ్బాలో దొరికిన "ఒరిజినల్" సీల్ మీద మోజు అక్కర్లేదు. నైట్రైల్‌కి నిల్వ ఆయుష్షు చల్లగా, చీకట్లో ఉంచినా ఏడేళ్లు. పరీక్షించి ఇంకో మూడేళ్లు పొడిగిస్తారు. నలభై ఏళ్ల నాటి సీల్ ఎంత మెరుస్తున్నా, లిప్‌ని వంచి చూస్తే సన్నని పగుళ్లు కనిపించవచ్చు. దాన్ని నమూనాగా దాచుకోండి.

ఓ-రింగులు

ఇవి రెండు భాగాల మధ్య గాడిలో నలిగి కూర్చునే గుండ్రటి రబ్బరు రింగులు. ఇక్కడా పాత రింగు అబద్ధమే చెబుతుంది, ఏళ్లపాటు నొక్కుకుని చదునుగా మారి ఉంటుంది. గాడిని కొలవండి. లోతు 2 మి.మీ., వెడల్పు 3.5 మి.మీ. అనుకుందాం. 2.62 మందం రింగు సుమారు 24 శాతం నలుగుతుంది, గాడిలో 77 శాతం నిండుతుంది. కదలని జాయింటుకి ఇది సరైన లెక్క. "కొంచెం లావుదైతే ఇంకా మంచిదే" అని 3 మి.మీ. రింగు పెడితే గాడి పూర్తిగా నిండిపోతుంది. వేడికి ఉబ్బే చోటు లేక రింగు కోసుకుపోతుంది, లేదా కవర్ సరిగా కూర్చోదు. 1.78 రింగు అసలు అవతలి ముఖాన్నే తాకదు. లోపలి వ్యాసం కొద్దిగా తక్కువైతే సాగదీయవచ్చు, 5 శాతం దాటకూడదు.

వాల్వ్ సీళ్లు, తాడు సీళ్లు

వాల్వ్ సీల్‌కి వాల్వ్ కాడ వ్యాసం, గైడ్ (కాడ జారే గొట్టం) బయటి వ్యాసం, సీల్ ఎత్తు కావాలి. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగ్ పై మూతకీ సీల్‌కీ మధ్య కనీసం ఒకటిన్నర మి.మీ. సందు ఉండాలి. తయారీలో ఎగ్జాస్ట్ వైపు సీల్ పెట్టని ఇంజన్‌కి కొత్తగా తగిలించకండి, గైడ్‌కి ఆయిల్ అందక అరుగుతుంది.

వెనక క్రాంక్‌కి రబ్బరు బదులు తాడు సీల్ (తాడులా అల్లిన పాత రకం సీల్) ఉంటే అందులో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గాలి కొట్టకుండా, తడిపి తీయండి. దాని స్థానంలో రబ్బరు లిప్ సీల్ పెట్టాలంటే షాఫ్ట్ నునుపుగా ఉండాలి. తాడు సీల్ కోసం షాఫ్ట్ మీద వేసిన గరుకు గీతలు రబ్బరుని గంటల్లో కొరికేస్తాయి.

బిగించేటప్పుడు

షాఫ్ట్ మీద గోరుకి తగిలే గాడి ఉంటే కొత్త సీల్ కూడా కారుతుంది. చోటుంటే సీల్‌ని ఒకటి రెండు మి.మీ. పక్కకి జరిపి కూర్చోబెట్టండి, లేకపోతే షాఫ్ట్ మీద 0.28 మి.మీ. మందం మరమ్మతు స్లీవ్ (పలుచని లోహపు తొడుగు) తొడగండి. స్లీవ్‌కి అసలు సైజు సీలే సరిపోతుంది.

షాఫ్ట్ మీద పుల్లీ కీ కూర్చునే కీ గాడి అంచుల మీద టేపు చుట్టండి. లిప్ తెగేది ఎక్కువగా అక్కడే. లిప్ వెనక సన్నని స్ప్రింగ్ ఉన్న ముఖం ఆయిల్ వైపుకి. లిప్‌కి ఆయిల్ రాసి, సీల్ అంచుకి సరిపడే వెడల్పు గొట్టంతో చుట్టూ సమంగా కొట్టండి. ఒక పక్కే కొడితే సీల్ వాలుతుంది, లోపలి స్ప్రింగ్ జారిపోతుంది. పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) లిప్ ఉన్న సీళ్లకి మాత్రం ఆయిల్ రాయకూడదు. పొడిగా తొడిగి, తయారీదారు చెప్పినంత సేపు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చేయండి.