లాగిన్ దగ్గర ‘సెక్యూర్ కనెక్షన్’ ఎర్రర్ వస్తే ముందు తేదీ చూడండి

ఇరవయ్యో తారీఖు, జీఎస్టీ రిటర్న్ (జీఎస్టీఆర్-3బీ) వెయ్యాలి, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే లాగిన్ దగ్గరే సెక్యూర్ కనెక్షన్ కుదరలేదని మెసేజ్. నెట్ చూస్తే బాగానే ఉంది. ఈ టెన్షన్‌లో చాలామంది సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, బ్యాకప్ లేకుండా అయితే అసలే వద్దు. పాస్‌వర్డ్ మార్చినా లాభం లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ ఇంకా మీ సిస్టమ్ దాటి బయల్దేరనే లేదు. అవతలున్నది అసలు సర్వరేనా అని సర్టిఫికెట్ చూసుకునే దగ్గరే పని ఆగిపోయింది.

కింద కుడి మూలన తేదీ చూడండి, టైమ్ ఒక్కటే కాదు, సంవత్సరం కూడా. ప్రతి సర్టిఫికెట్‌కీ ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువుంటుంది, మీ సిస్టమ్ ఎక్కడో 2015లో ఉండిపోతే ఆ గడువు ఇంకా మొదలే కాలేదనుకుని కనెక్షన్ వద్దంటుంది. మా ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్‌కి రోజూ పొద్దున్నే ఇదే గొడవ, తేదీ సరిచేస్తే సాయంత్రం దాకా బాగుండేది, మధ్యలో కరెంటు పోయొస్తే మళ్లీ మొదటికే. చివరికి చూస్తే కరెంటు లేనప్పుడు సిస్టమ్ గడియారాన్ని నడిపే సెల్లు, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032, అయిపోయింది. ప్లగ్గు పీకేసి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది వేసి, తేదీ సరిచేశాం. అంతే, మళ్లీ ఆ ఎర్రర్ రాలేదు.

తేదీ మార్చేటప్పుడు ఇంకొకటి. టైమ్ పదిహేను గంటలకు మించి తేడా ఉంటే విండోస్ మామూలుగా దానంతటది సర్దుకోదు, ముందు మీరు చేత్తో దగ్గరగా పెట్టి, ఆ తర్వాత తేదీ, టైమ్ సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కండి.

తేదీ సరిగ్గానే ఉందా? అయితే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేసి, ఆఫీసు నెట్ వైరు తీసేసి లాగిన్ అవ్వండి. డెస్క్‌టాప్‌కి వైఫై లేకపోయినా ఇది పనిచేస్తుంది. అలా లాగిన్ అయితే దోషం ఆఫీసు నెట్‌వర్క్‌ది, అంటే నెట్ రాకపోకల్ని వడకట్టే ఫైర్‌వాలో ప్రాక్సీయో అడ్డుపడుతోంది, నెట్‌వర్క్ చూసే మనిషికి చెప్పండి. అవ్వకపోతే మీ సిస్టమ్‌లోనే వెతకాలి.

సిస్టమ్‌లో అయితే నాకు మొదటి అనుమానం టీఎల్ఎస్ మీదే, అంటే సర్వర్‌తో సెక్యూర్ కనెక్షన్ కుదిర్చే పద్ధతి మీదే. పాతవైన 1.0, 1.1 వెర్షన్లను 2021లో అధికారికంగా పక్కన పెట్టేశారు, చాలా సర్వర్లు ఇప్పుడు కనీసం 1.2 అడుగుతాయి. స్టార్ట్‌లో ‘ఇంటర్నెట్ ఆప్షన్స్’ అని వెతికి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో బాగా కిందికి వెళ్తే ‘యూజ్ టీఎల్ఎస్ 1.2’ కనిపిస్తుంది, అక్కడ టిక్ ఉండాలి. విండోస్ 7 మీద ఇంకా నడిపేవాళ్లకు కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆ టిక్ కూడా చాలదు, కేబీ3140245 అప్‌డేట్ వేసి దానికి సంబంధించి రిజిస్ట్రీలో, అంటే విండోస్ లోపలి సెట్టింగ్స్‌లో, మార్పు కూడా చేయాలి. కానీ 2020 జనవరి 14తో మామూలు సపోర్ట్ అయిపోయిన సిస్టమ్ మీద కంపెనీ లెక్కలు పెట్టుకోవడం నాకు భయమే, వీలైనంత త్వరగా మార్చేయండి.

తర్వాత యాంటీవైరస్. కొన్నిటిలో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఉంటుంది, అది మధ్యలో దూరి సర్వర్ సర్టిఫికెట్ బదులు తన సర్టిఫికెట్ చూపిస్తుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని నమ్మదు. ఆ ఒక్క ఆప్షన్ ఐదు నిమిషాలు ఆపి చూడండి. లాగిన్ అయితే మీ సాఫ్ట్‌వేర్‌ని మినహాయింపుల్లో చేర్చి, స్కానింగ్ మళ్లీ ఆన్ చేయండి. యాంటీవైరస్ మొత్తం ఆపేసి అలా వదిలేయొద్దు.

ఇవేవీ పనిచేయకపోతే ఎర్రర్ కోడ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, విండోస్ వెర్షన్, ఫోన్ నెట్‌తో ఏమైందో రాసుకుని సపోర్ట్‌కి ఫోన్ చేయండి. ఆ నంబరు సాఫ్ట్‌వేర్ హెల్ప్ మెనూలోంచే తీసుకోండి. గూగుల్‌లో కనిపించిన ఏదో నంబరుకి చేసి, అవతలివాళ్లు అడిగారని రిమోట్ యాక్సెస్ మాత్రం ఇవ్వకండి, ఆ సిస్టమ్‌లో మీ బ్యాంకు లాగిన్ కూడా ఉంటుంది.