తెలుగు పాఠం తెరమీద బాగుంది, ఫోన్ మాత్రం చదవనంటోంది: ముందు ఎక్కడ చూడాలి?

శివారు చేలకి నీళ్లు రాకపోతే ముందు మన బోదె పూడిందేమో, తూములో తుక్కు అడ్డం పడిందేమో చూస్తాం. ధవళేశ్వరం ఆనకట్ట దాకా పరుగెత్తం. ఓపెన్ పాఠాల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ నేరుగా ధవళేశ్వరమే బయల్దేరుతున్నారు. "యాప్ పాడైందండి", "ఆ పిల్ల ఫోన్ పాతదండి", "తెలుగుకి ఇంకా టెక్నాలజీ రాలేదండి". అర నిమిషం పట్టే పరీక్ష ఒకటుంది. అది ఒక్కటీ చేయరు.

మేం కోనసీమలో కొందరు టీచర్లం కలిసి తెలుగులో పాఠాలు రాస్తుంటాం. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. అలాంటి పని చేస్తున్నవాళ్ల కోసమే ఇది. వర్డ్‌లో టైపు చేయడం, పీడీఎఫ్ చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: చూపులేని విద్యార్థి ఫోన్ పాఠాన్ని అర్థంలేకుండా చదువుతోంది. లేదా ఫైల్లో వెతికితే మాట దొరకడం లేదు. లేదా కాపీ చేస్తే చెత్త పడుతోంది.

మూడూ ఒకటే రోగం. పీడీఎఫ్ తెరిచి ఒక వాక్యం కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు తెలుగులాగే పడితే అప్పుడు ఫోన్ సంగతి చూద్దాం. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన టోపీలు, మధ్యలో ఒక పౌండు గుర్తు పడ్డాయంటే తప్పు మీ ఫైలుది. అసలు కాపీయే కావడం లేదంటే చాలావరకు అది స్కాన్ చేసిన పేజీ. అందులో అక్షరాలు లేవు, అక్షరాల ఫొటో ఉంది.

కారణం పాత డీటీపీ ఫాంట్లు. కంప్యూటర్‌కి తెలుగు రాని రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలుండే గడుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. కంటికి 'కొబ్బరి' కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లీషు గుర్తుల వరసే ఉంటుంది. చదివే యాప్‌కి కళ్లు లేవు, లోపల ఉన్నదే చదువుతుంది. ప్రతి భాష అక్షరాలకీ సొంత గడులిచ్చే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగుకి 1991 నుంచే 128 గడుల సొంత పేట ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు కూడా ఇచ్చారు. దాని పేరు గౌతమి, మన పాయ పేరే. అయినా డీటీపీకి వాడే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు కుదరదు కాబట్టి అచ్చు షాపుల్లో పాత ఫాంట్లు అలాగే ఉండిపోయాయి. కరపత్రాలకీ శుభలేఖలకీ వాటితో పేచీ లేదు. పాఠానికే పేచీ.

ఇంతవరకు చాలామందికి తెలుసు. నా చెయ్యి కాలింది ఆ తర్వాత. పదో తరగతి విద్యుత్తు పాఠం అది. పాఠం ఒకరు యూనికోడ్‌లో టైపు చేశారు. చివర ప్రశ్నలు ఇంకొకరు పాత ప్రశ్నల పుస్తకం ఫైలు నుంచి తెచ్చి అతికించారు. రెండు ఫాంట్లూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. నేను మొదటి పేరా కాపీ చేసి చూసి సరే అనేశాను. పరీక్షలు దగ్గరపడ్డాక ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మాస్టారూ, పాఠం బాగానే చదువుతోందండి. ప్రశ్నల దగ్గరికొచ్చాక ఏబీసీడీలు చదువుతోందండి." ఆ అమ్మాయి పదిరోజులు తన ఫోనే పాడైందనుకుంది. యాప్ అప్‌డేట్ చేసుకోమని రెండుసార్లు చెప్పింది మా గ్రూపువాళ్లే. ఆ రాత్రి కూర్చుని నలభై ప్రశ్నలూ నా గొంతుతో రికార్డు చేసి పంపాను.

అందుకే ఇప్పుడు ఒక్క పేరాతో సరిపెట్టను. నలుగురు రాసిన పాఠంలో అతుకు పడిన ప్రతిచోటా చూడాలి: శీర్షిక, పట్టిక, బొమ్మ కింద మాట, ప్రశ్నలు. దీనికి ఒక చిట్కా ఉంది. వర్డ్‌లో మొత్తం సెలెక్ట్ చేసి ఫాంటు గౌతమికి మార్చండి. యూనికోడ్ తెలుగు తెలుగుగానే నిలబడుతుంది. పాత ఫాంటులో ఉన్న ముక్క ఆ క్షణమే ఇంగ్లీషు చెత్తగా బయటపడుతుంది. పట్టుబడ్డ ముక్కని కన్వర్టర్‌లో వేసి యూనికోడ్ చేసుకోవచ్చు. కానీ లోపల మామూలు ఇంగ్లీషు ఉంటే కన్వర్టర్ దాన్నీ తెలుగనుకుని మార్చేస్తుంది. మా పాఠంలో వోల్టు, ఆంపియర్ గుర్తులన్నీ అలాగే పోయాయి. స్కాన్ పేజీలైతే గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు తీసిస్తుంది. థ, ధలు, బ, భలు తారుమారవుతాయి కాబట్టి దిద్దేవాళ్లు ఒకరు కావాలి, అదీ టైపు చేసినవారు కాకుండా.

"యూనికోడ్‌లో అక్షరం అందంగా రాదండి మాస్టారూ" అని డీటీపీ ఆయన అంటారు. మండలి, రామభద్ర, గురజాడ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, ఒక పేజీ వేసి చూపించండి. మా డీటీపీ ఆయన చూసి "ఆయ్, పర్లేదండి" అన్నారు. ఆ నోట అంతకన్నా మెచ్చుకోలు రాదు.

ఇంకొక్క మెలిక. యూనికోడ్‌లో టైపు చేసినా పీడీఎఫ్ అయ్యాక గుణింతాలు, వత్తులు ఒక్కోసారి చెదిరిపోతాయి. అందుకని పీడీఎఫ్ పక్కనే వర్డ్ ఫైలో, ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలో పెట్టండి. ఎలాగూ మార్చుకోవడానికి వీల్లేని ఫైలు ఇచ్చి ఓపెన్ అనడంలో అర్థం లేదు.

సమస్య: పాఠం అందరూ చూస్తున్నారు, ఎవరూ తమ బడికి తగ్గట్టు మార్చుకోవడం లేదు.

లైసెన్సు రాశారా? "ఉచితం" అని రాస్తే చాలదు. ఏమీ రాయకపోతే 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కులన్నీ మీ దగ్గరే ఉంటాయి. క్రియేటివ్ కామన్స్ అనే రెడీమేడ్ లైసెన్సుల్లో ఎన్‌డీ (మార్చి పంచకూడదు) ఉన్నది పెడితే అనువాదం చేసి పంచడం కూడా కుదరదు. తెలుగు వికీపీడియా నుంచి పేరా తెచ్చి మీ పాఠంలో కలిపి రాశారంటే అది బీవై-ఎస్ఏ (పేరు చెప్పాలి, అదే షరతుతో పంచాలి), మీ పాఠమూ అదే లైసెన్సుతో పోవాలి. ఎన్‌సీ (వ్యాపారానికి వాడకూడదు) తోక తగిలించడానికి లేదు. నన్నడిగితే ఎన్‌సీ అసలే వద్దు. సెంటర్లో జిరాక్సు షాపాయన పుస్తకం కట్టి అమ్మడానికి జంకుతాడు. నెట్ సరిగ్గా అందని, గోదావరి మధ్య లంక ఊరి పిల్లాడికి పాఠం చేరే దారి ఆ జిరాక్సే.

వేరేవాళ్ల పుస్తకాన్ని చూపులేని పిల్లల కోసం మార్చి ఇవ్వడానికి కాపీరైటు చట్టానికి 2012 సవరణ వీలు కల్పించింది. దాన్ని అందరికీ ఓపెన్‌గా పెట్టేయడానికి మాత్రం కాదు.

సమస్య: "అందరం కలిసి రాశాం" అంటున్నారు, లంక బడుల టీచర్లు ఒక్కరూ లేరు.

మీటింగ్ సాయంత్రం ఏడింటికి టౌన్లో పెట్టారా? పంటు మీద గోదావరి దాటి ఇంటికెళ్లాల్సిన ఆవిడ ఎలా వస్తారు? మేం వాయిస్ మెసేజీలు తీసుకోవడం మొదలుపెట్టాం, టైపు మేం చేస్తాం, పేరు వాళ్లది. మా లెక్కల పాఠంలో డజను యాపిళ్లున్నాయి. లంక నుంచి ఒక టీచరమ్మ పంపిన మెసేజి: "మా పిల్లలకి వెయ్యి కొబ్బరికాయల ధర నోటికొచ్చండి. కాయకి ఎంత పడిందో కట్టమనండి, అంబాజీపేట మార్కెట్ రేటు వాళ్లే చెప్తారు." యాపిళ్లు ఆ రోజే తీసేశాం.

మిగిలినవి చిన్నవి. ఫైలు మరీ బరువుగా ఉంటే ఫొటోలు కుదించండి. బొమ్మ దగ్గర ఫోన్ "ఇమేజ్" అని ఊరుకుంటే వర్డ్‌లో ఆ బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) రాయలేదన్నమాట, రెండు వాక్యాలు చాలు. తెలుగు వాక్యం కాపీ పరీక్షలో నెగ్గి కూడా ఫోన్ నోరు మెదపకపోతే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్‌కి వెళ్లి తెలుగు గొంతు దింపుకున్నారో లేదో చూడండి. బ్రెయిలీ డిస్‌ప్లే (తెరమీది మాటల్ని వేలికి తగిలే చుక్కలుగా చూపే పరికరం) ఇబ్బందులు నాకు ఇన్నేళ్లలో రెండే వచ్చాయి. రెండింటికీ కేబుల్ మారిస్తే సరిపోయింది.