హెచ్చార్సీకి, అంటే మానవ హక్కుల కమిషన్‌కి, కంప్లైంట్ పెట్టేవాళ్ళు ఆ "కాపీ టు" దగ్గర జాగ్రత్త

మొన్న జిరాక్స్ షాపు దగ్గర ఒక పెద్దాయన కలిశాడు, ప్లాస్టిక్ కవర్ నిండా కాయితాలు. కొడుకుని స్టేషన్లో మూడ్రోజులు కూర్చోబెట్టి కొట్టారంట. కారుకి "మానవ హక్కుల సంఘం జిల్లా అధ్యక్షుడు" అని బోర్డు పెట్టుకు తిరిగే ఒకాయన నాలుగు వేలు తీసుకుని పిటిషన్ రాసిచ్చాడంట, ఐదు నెలలైంది, ఢిల్లీ నుంచి కబురు రాలేదంటాడు. కబురు వచ్చింది, ఆ కవర్లోనే ఉంది! ఇంగ్లీషులో నాలుగు లైన్లు, మీరు వేరే అధికారికి రాసిన దాని కాపీ మాత్రమే మాకొచ్చింది కాబట్టి క్లోజ్ చేశాం అని. ఈయన అది రసీదు అనుకుని దాచుకున్నాడు.

ముందు ఒకటి చెప్పాలి, సంఘం వేరు, కమిషన్ వేరు. కమిషన్ అంటే 1993 చట్టం కింద పెట్టింది, ఢిల్లీలో జాతీయ కమిషన్, రాష్ట్రాల్లో రాష్ట్ర కమిషన్. దానికి జిల్లా అధ్యక్షులు ఉండరు, మెంబర్‌షిప్ కార్డులు, కారు స్టిక్కర్లు అమ్మదు. కంప్లైంట్‌కి ఒక్క రూపాయి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, తెలుగులోనే రాయొచ్చు. బాధితుడే రాయాలనీ లేదు, అమ్మానాన్న, పక్కింటోళ్ళు, ఎవరైనా రాయొచ్చు.

పంపడం పెద్ద పనేం కాదు. జాతీయ కమిషన్‌కైతే వాళ్ళ హెచ్ఆర్‌సీ నెట్ సైట్లో ఫోన్ నంబర్ కొట్టి ఓటీపీతో ఆన్‌లైన్లో పెట్టొచ్చు, లేదంటే మానవ్ అధికార్ భవన్, సీ బ్లాక్, జీపీవో కాంప్లెక్స్, ఐఎన్ఏ, న్యూఢిల్లీ 110023 అని రాసి స్పీడ్ పోస్ట్ చెయ్యొచ్చు, డౌట్లుంటే 14433 టోల్ ఫ్రీ. జిరాక్సులే పెట్టండి, ఒరిజినల్స్ మీ దగ్గరే ఉంచుకోండి. కానీ పిటిషన్ మీద సంతకం మాత్రం జిరాక్స్ ఉండకూడదు, పెన్నుతో పెట్టిందే ఉండాలి.

ఇక జనం పడిపోయేది ఎక్కడంటే, ఆ పిటిషన్ మొదటి పేజీలోనే.

భయంలో ఉన్న మనిషి ఏం చేస్తాడు, సీఎం గారికి అని మొదలుపెట్టి కింద కాపీ టు గవర్నర్, డీజీపీ, కలెక్టర్, రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్ అని వరసగా రాసేస్తాడు, ఎవరో ఒకరు చూడకపోతారా అని. ఆ ఆశ తప్పు కాదు, కానీ కమిషన్ రూల్స్ ప్రకారం వేరేవాళ్ళకి రాసిన దాని కాపీ కంప్లైంట్ కిందకి రాదు. "టు" దగ్గర కమిషన్ పేరే ఉండాలి. ఇంకోటి, రాష్ట్ర కమిషన్లో నడుస్తున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించకూడదు, చట్టంలో సెక్షన్ 36 అదే చెప్తుంది, ఎస్సీ కమిషన్, మహిళా కమిషన్ లాంటివాటిలో ఉన్నా అంతే. రెండు చోట్లా పెడితే బలం అనుకుంటారు గానీ అదే దెబ్బ కొడుతుంది. ఒకటే ఎంచుకోండి. ఢిల్లీకి పెట్టింది వాళ్ళే రాష్ట్ర కమిషన్‌కి ట్రాన్స్‌ఫర్ చెయ్యొచ్చు, అలా జరిగితే కంగారు పడకండి, అది కొట్టేసినట్టు కాదు.

తేదీ కూడా చూస్కోండి. జరిగిన రోజు నుంచి ఏడాది దాటితే తీసుకోరు. "గత కొంతకాలంగా వేధిస్తున్నారు" అని రాస్తే ఏ రోజు నుంచి లెక్కెయ్యాలో వాళ్ళకెలా తెలుస్తుంది? తారీఖు, టైము, ఊరు రాయండి.

ఎవరి మీద అనేది కూడా. ప్రభుత్వ ఉద్యోగి చేసిందో, చెయ్యాల్సింది చెయ్యక వదిలేసిందో ఉండాలి. పక్కింటోడు కొట్టాడంటే అది కమిషన్ పని కాదు, కొట్టాడని స్టేషన్‌కెళ్తే కంప్లైంట్ తీసుకోకుండా పంపేశారు అంటే అప్పుడు కమిషన్ పనే. పేరు తెలియకపోతే ఫలానా స్టేషన్ ఎస్సై అని హోదా రాస్తే సరిపోతుంది. పొలం గట్టు తగాదాలు, ప్రమోషన్లు, ప్రైవేటు కంపెనీ జీతాలు, కోర్టులో నడుస్తున్నవి పెట్టి టైం వేస్ట్ చేస్కోకండి.

పెద్దాయనది మళ్ళీ రాశాం, ఒకటిన్నర పేజీ వచ్చింది, పాత దాంట్లో సగానికి పైగా రాజ్యాంగం గురించే ఉంది, కొడుకుని తీసుకెళ్ళిన తారీఖు మాత్రం లేదు. హాస్పిటల్ చీటీ మీద తారీఖు చూసి లెక్కేస్తే ఏడాదికి ఇంకా టైం ఉంది. అంతా అయ్యాక "కలెక్టరు గారికి కాపీ వెయ్యొద్దా బాబూ" అన్నాడు. వేరే కాయితం మీద ఆయన పేరుతోనే విడిగా రాద్దాం తాతా, దీంట్లో మాత్రం వద్దు అన్నాను, సగం నమ్మాడు.

పెట్టాక డైరీ నంబర్ వస్తుంది, అది పోగొట్టుకుంటే స్టేటస్ చూసుకోవడం కష్టం. కమిషన్ సంబంధిత అధికారిని రిపోర్ట్ అడుగుతుంది, వాళ్ళేమో "ఆరోపణలు నిరాధారం" అని పంపుతారు, ఇది చాలాసార్లు జరిగేదే. అప్పుడు ఆ రిపోర్ట్ మీకు పంపి మీ అభిప్రాయం చెప్పమంటారు, గడువు కూడా ఇస్తారు. జవాబు ఇవ్వకపోతే మీకు చెప్పేదేం లేదని ఫైలు మూసేస్తారు. అందుకని అడ్రస్, ఫోన్ నంబర్ మీవే ఇవ్వండి, రాసిపెట్టినాయనవి కాదు. ఢిల్లీ నుంచి ఇంగ్లీషులో ఏ కవర్ వచ్చినా ఆ రోజే చదివేవాళ్ళకి చూపించండి, పెద్దాయనలా రసీదు అనుకుని దాచేయకండి.