అద్దె టెంటు తీసుకునేటప్పుడు దుకాణం ముందే ఒకసారి వేసి చూడండి

ఒడిశాలోని మా కోరాపుట్ జిల్లాలో ఉన్న దేవమాలి కొండ (ఎత్తు 1,672 మీటర్లు) మీద చలికాలంలో ఒక రాత్రి గడపాలని టెంటు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకు తెచ్చుకునేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, మనం చేయని చిరుగుకు తిరిగి ఇచ్చే రోజున డిపాజిట్టులో కోత పడడం. నాకూ ఒకసారి అలా 400 రూపాయలు పోయాయి.

అప్పటినుండి నేను పగటివేళనే వెళ్లి, దుకాణం ముందే టెంటును పూర్తిగా వేయించి, లోపల కూర్చుని పైకి చూస్తున్నాను. ఎక్కడైనా చిల్లు ఉంటే సూదిమొనంత వెలుతురు కనిపిస్తుంది. తరువాత ప్రతి జిప్పునూ రెండుసార్లు లాగి, కడ్డీలను, మేకులను యజమాని ఎదుటే పైకి లెక్కపెడుతూ రెండు నిమిషాల వీడియో తీసి, అక్కడే ఆయన వాట్సాప్‌కు పంపుతాను. మేకులు మాత్రం తప్పక లెక్కపెట్టండి, గడ్డిలో ఎక్కువగా పోయేవి అవే. స్లీపింగ్ బ్యాగును తిరగేసి వాసన చూస్తే, తడిగా మడిచిపెట్టినదేదో తెలిసిపోతుంది.

అయితే కుట్ల దగ్గర నీరు కారే లోపం ఈ పరీక్షలో బయటపడదు కనుక, వాన సూచన ఉంటే టెంటుపై కప్పడానికి టార్పాలిన్ పట్టా ఒకటి వెంట తీసుకువెళ్లండి.