గర్భసంచి తీసేద్దాం అన్న రోజే అడ్మిట్ అవకండి

మిరప కల్లాలు ఖాళీ అయ్యాయి. సరుకు డబ్బు చేతిలో పడింది, పొలంలో పని లేదు, పిల్లలకు బడి లేదు. మా వైపు ఆడవాళ్లు గర్భసంచి ఆపరేషన్ పెట్టుకునేది ఇప్పుడే. గైనిక్ వార్డులో స్టాఫ్ నర్సుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మే నెల వచ్చిందంటే వరసగా ఇవే కేసులు.

పోయిన వారం మా వీధి చివరింటి కోడలు డిశ్చార్జ్ అయి వచ్చింది. 31 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. 22వ ఏటనే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. తెల్లబట్ట, నడుం నొప్పి అని ఊళ్లో ఆర్‌ఎంపీకి చెప్పుకుంటే ఆయనే ఆటో మాట్లాడి టౌన్‌కు తీసుకెళ్లాడు. పదకొండింటికి స్కానింగ్. పన్నెండింటికి "సంచి వాచిపోయింది, ఇలాగే వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది" అన్న మాట. సాయంత్రానికి చేతికి సెలైన్. తెల్లారి ఆపరేషన్.

చూడ్డానికి వెళ్తే ఫ్యాన్ కింద కూర్చుని కూడా పైట చెంగుతో మెడ తుడుచుకుంటోంది. "పిన్నీ, ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ తన్నుకొస్తోంది. రాత్రి జాకెట్టు తడిసి లేస్తున్నా" అంది. పాలిథిన్ కవర్లోంచి డిశ్చార్జ్ కాగితం తీసి చూశాను. ఆపరేషన్ పేరు దగ్గర టీఏహెచ్ అని ఉంది, పక్కనే బీఎస్‌ఓ. మొదటిదంటే పొట్ట కోసి సంచి తీశారని. రెండోదంటే రెండు వైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీశారని. ఆ మూడక్షరాల సంగతి ఆమెకు తెలియదు. సంతకం పెట్టిన మొగుడికీ తెలియదు. స్కాన్ రిపోర్టులో ఉన్నదేమో "బల్కీ యూటరస్", ఒక చిన్న నాబోథియన్ సిస్ట్. ఇద్దర్ని మోసిన సంచి కాస్త పెద్దగా కనబడటం మామూలే. ఆ సిస్ట్ సంచి మూతి మీద వచ్చే చిన్న నీటిబుడగ, దానికి మాత్ర కూడా అక్కర్లేదు.

ఆపరేషన్ అవసరమా కాదా అన్నది తర్వాతి మాట. నేను చూసినంతలో ఇళ్లు ముంచింది ఒకటే: చెప్పిన రోజే అడ్మిట్ కావడం. ఆ ఒక్క రాత్రి ఇంటికి వచ్చి పడుకుని ఉంటే సగం సంచులు మిగిలేవి.

ఇది మా వీధి గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3 మంది తేలారు. ఆంధ్రలో, తెలంగాణలో 8 మందికి పైనే. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కోత కూలీలు నెలసరి రోజుల్లో పని పోతుందని, మేస్త్రీ జరిమానా వేస్తాడని సంచులు తీయించుకుంటున్నారని 2019లో దేశమంతా చెప్పుకుంది. మన దగ్గర అంత ఆరా కూడా లేదు. "పిల్లలు పుట్టేశారుగా, ఇక దాంతో పనేంటి" అని అత్తలే అనేస్తారు. అనవసరంగా సంచులు తీయకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. కోర్టు మాట ఆర్‌ఎంపీ ఆటో దాకా రాదు కదా.

ఆగకూడనివి ముందే చెప్తాను. కాన్పు తర్వాత రక్తం ఆగకపోవడం, నెల తప్పాక ఒక పక్కన పొత్తికడుపులో భరించలేని నొప్పితో కళ్లు తిరగడం, గంటకో ప్యాడ్ తడిసి మనిషి తెల్లబడిపోవడం. వీటికి ఇది చదువుతూ కూర్చోకండి, బండెక్కండి. మామూలు తెల్లబట్ట, నడుం నొప్పి, స్కాన్‌లో కనబడిన చిన్న బుడగ మాత్రం వాటంతట అవే అర్జెంటు కావు.

అడ్మిట్ కాకుండా ఇంటికి వచ్చారు. ఇప్పుడు రెండో డాక్టర్. మొదటి డాక్టర్ రాసిచ్చిన చోటికి కాదు, ఆర్‌ఎంపీ చెప్పిన చోటికి అసలు కాదు. మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లండి. లైన్ ఉంటుంది, విసుక్కుంటారు కూడా, నాకు తెలియనిదా. అయినా అక్కడ మీ సంచి మీద ఎవరికీ కమిషన్ లేదు. వెళ్లగానే "సంచి తీయాలన్నారు" అని మొదలుపెట్టకండి. మీ బాధ చెప్పండి: నెలకు ఎన్ని రోజులు అవుతోంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు గడ్డలుగా పడుతోందా. గోడ మీది క్యాలెండర్‌లో మూడు నెలలు చుక్కలు పెట్టి ఆ కాగితాలు చింపి తీసుకెళ్లినా సరే, డాక్టర్ సంతోషిస్తుంది.

బ్లీడింగ్ ఎక్కువైతే ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. థైరాయిడ్ తేడాతో బ్లీడింగ్ అయి, సంచి తీయించుకుని, ఆ తర్వాత థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టినవాళ్లు నా వార్డులోనే ఉన్నారు. నలభై దాటాక తేడా వస్తే సంచి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి, అంటే ల్యాబ్‌లో పరీక్షకు, పంపుతారు. సంచి మూతికి పాప్ స్మియర్ ఉంది, అక్కడ మెల్లగా గీకి తీసినదాన్ని ల్యాబ్‌లో చూస్తారు; వీఐఏ అని వెనిగర్ లాంటి ద్రావణం పూసి చూసే పరీక్ష ఉంది. క్యాన్సర్ భయం ఉంటే దాన్ని తేల్చేవి ఇవి. పొట్ట మీద తిప్పే స్కానింగ్ ఒక్కదాన్ని చూసి క్యాన్సర్ వస్తుందని ఎవరూ చెప్పలేరు.

బ్లీడింగ్ తగ్గించే మాత్రలున్నాయి. సంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, ఒకసారి వేస్తే ఐదేళ్లు, అంతకు మించి కూడా పనిచేస్తుంది. సంచిలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డ ఒక్కటే తీసి సంచి ఉంచే ఆపరేషన్ ఉంది. చిన్న గడ్డలు బాధ పెట్టకపోతే వాటి జోలికి పోనక్కర్లేదు, ముట్లాగాక అవే కుంచించుకుపోతాయి. అండాశయం మీద మామూలు నీటితిత్తి అయితే రెండు మూడు నెలలాగి మళ్లీ స్కాన్ చేస్తే చాలాసార్లు ఉండనే ఉండదు. ఇన్నీ చేశాక కూడా సంచి తీయక తప్పనివాళ్లు ఉంటారు. వాళ్లు నిశ్చింతగా చేయించుకోవచ్చు, నేను ఆపరేషన్‌కు శత్రువును కాను. చెప్పిన రోజే అడ్మిట్ కావడానికి మాత్రం శత్రువునే.

అండాశయాల గురించి కాస్త నిలబడి వినండి. సంచి పోతే నెలసరి ఆగుతుంది, అంతే. అండాశయాలు కూడా పోతే ముట్లుడగడం ఒక్క రాత్రిలో వచ్చి మీద పడుతుంది. ఒంట్లో సెగలు, నిద్ర పట్టకపోవడం, పొడిబారి మొగుడి పక్కకు వెళ్లాలంటే భయం. పైకి కనబడనివి ఎముకలు, గుండె. నలభై ఐదుకే బాత్రూంలో జారితే మణికట్టు విరిగి వచ్చినవాళ్లను అడిగితే, ముప్పైల్లో తీయించుకున్నారని బయటపడేది. సంచి తీసి అండాశయాలు ఉంచినా అవి అనుకున్నదానికన్నా ముందే మూలబడవచ్చు. అలాంటిది బాగున్నవాటిని "పనిలో పనిగా" తీసేస్తే ఏం చెప్పాలి.

ఇక వరసపెట్టి చెప్తాను, రాసుకోండి.

డబ్బు వెంట తీసుకెళ్లకండి. జేబులో యాభై వేలు ఉంటే అడ్మిట్ చేయడం తేలిక.

కార్డు మీద ఉచితమని చేయించుకోకండి. ఖర్చు లేదని ఒంట్లో అవయవం తీయించుకుంటామా?

పుష్కరాలనో, పెళ్లనో, కోతలనో నెలసరి అడ్డని సంచి తీయించుకోకండి.

సంతకానికి ముందు ఒక్క ప్రశ్న: "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? తీస్తే ఎందుకు?" జవాబు కాగితం మీద రాయించుకోండి. తెలుగులో.

మత్తు డాక్టర్ ఎవరు, రక్తం ఎక్కడినుంచి వస్తుంది, అడగండి. హిమోగ్లోబిన్ ఏడు ఎనిమిదితో టేబుల్ ఎక్కకండి. ముందు రక్తం పెంచుకోండి.

తీసిన సంచిని బయాప్సీకి పంపాలి. ట్రేలో పెట్టి చుట్టాలకు చూపించడం బయాప్సీ కాదు. "చూశాం, నల్లగా కుళ్లిపోయింది" అంటారు, తీసిన ఏ సంచైనా రక్తంతో అలాగే ఉంటుంది. రిపోర్ట్ కాగితం తెచ్చుకోండి.

ఆపరేషన్ అయ్యాక చలిజ్వరం, వాసన వచ్చే స్రావం, ఒక కాలే వాచి నొప్పి, ఆయాసం: తెల్లారేదాకా ఆగకండి. తెలియకుండా మూత్రం కారుతుంటే అది నీరసం కాదు. మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలి ఉండొచ్చు. సిగ్గుపడి గుడ్డలు మార్చుకుంటూ కూర్చోకండి.

ఆరు వారాలు బిందె ఎత్తొద్దు. ఆరు వారాలు మొగుడు దూరం. మిరప కోతకు పదో రోజునే వెళ్లింది ఒకామె, కుట్లూడి వచ్చింది.

ముట్లుడిగాక ఏడాది దాటి ఒక్క చుక్క కనబడినా చూపించుకోండి. కలయిక తర్వాత రక్తం కనబడినా అంతే. ఇక్కడ మాత్రం నాన్చకండి. అనవసరంగా ముప్పైల్లో తీయించుకునేదీ మనవాళ్లే, తీయాల్సిన అరవైల్లో దాచిపెట్టుకునేదీ మనవాళ్లే.

స్కాన్ రోజే అడ్మిట్ కావద్దు. "బెడ్ ఒక్కటే ఉంది, రేపటికి ఉండదు" అన్నా వద్దు. "మా డాక్టర్ రేపు ఊరెళ్తోంది" అన్నా వద్దు. ఆర్‌ఎంపీ మొహం మాడ్చుకున్నా వద్దు. అత్త తిట్టినా వద్దు.

మా వీధి అమ్మాయి తోటికోడలికి కూడా తెల్లబట్టట. సోమవారం అదే ఆటో. నిన్న వచ్చి అడిగింది. వెళ్లమన్నాను, స్కాన్ కూడా తీయించుకోమన్నాను. పర్సులో రానుపోను చార్జీలు మాత్రం పెట్టుకుని, నాలుగింటి బస్సుకు తిరిగి వచ్చేయమన్నాను.