ఆర్పీజీలను గుర్తుపడదాం – 3వ పాఠం: బలం ఎవరిది, పాత్రదా మీ చేతిదా?

కిందటి పాఠంలో మీ ఫోన్లో ఉన్న ఆటల్లో ఏవి ఆర్పీజీలో (రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఒక పాత్రని పెంచుకుంటూ ఆడేవి) రాసుకోమన్నాను. ఆ పనిలో మామూలుగా వచ్చే జవాబు ఒకటుంది: "బీజీఎంఐలో లెవెల్ పెరుగుతుంది కదండీ, అదీ ఆర్పీజీయే." ఈరోజు ఆ మాట దగ్గరే ఆగుదాం. ఇది తేలితే తక్కినవన్నీ సులువు.

లెవెల్ అనే అంకె ఉందా లేదా అని కాదు, ఆ అంకె ఏం పని చేస్తోందో చూడాలి. బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) తుపాకులతో కాల్చుకునే ఆట. అందులో మీ లెవెల్ ఎంత పెరిగినా మీ తుపాకీ డ్యామేజ్ పెరగదు. నిన్న చేరినవాడూ మీరూ ఒకే ప్రాణంతో మ్యాచ్‌లోకి దిగుతారు. గెలిపించేది మీ గురి.

ఇప్పుడు ఒక పరీక్ష. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్తున్నారనుకోండి. ఆట మధ్యలో ఫోను మీ తమ్ముడి చేతికిచ్చారు. వాడు ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు. అవతలి గట్టు చేరేలోగా ఆ పోరు గెలుస్తాడా?

పోకెమాన్ అయితే గెలుస్తాడు. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకెమాన్ ఆటల్లో బ్రాక్ అనే ప్రత్యర్థి దగ్గర ఉండే ఓనిక్స్ అనే రాతి రకం జీవి 14వ లెవెల్‌ది. రాతి రకం ముందు నిప్పు రకం బలహీనం. అయినా మీరు పెంచిన 60వ లెవెల్ చారిజార్డ్ అనే నిప్పు రకం జీవి ఉంటే తమ్ముడు ఏ బటన్ నొక్కినా పని అయిపోతుంది. బలం పాత్రలో నిల్వ ఉంది, అందుకే అది ఆర్పీజీ. బీజీఎంఐలో అదే తమ్ముడు మొదటి రెండు నిమిషాల్లోనే పోవచ్చు.

ఇలా ఎందుకు? మూలం కాగితం మీద ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. పాత్ర బలం, తెలివి, ప్రాణం అన్నీ కాగితం మీద అంకెలు. కత్తి తగిలిందో లేదో పాచిక చెబుతుంది. ఆడేవాడు నీరసంగా ఉన్నా అతని వీరుడు బలంగానే ఉంటాడు. 1981లో వచ్చిన విజార్డ్రీ, అల్టిమా అనే ఆటలు ఆ పాచికని కంప్యూటర్ చేతికిచ్చాయి. వాటిని చూసి జపాన్‌లో యూజీ హోరీ 1986లో డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట చేశాడు.

పోట్లాట ఉంటేనే ఆర్పీజీ అనుకోకండి. 2019లో వచ్చిన డిస్కో ఎలీసియంలో విడిగా యుద్ధమంటూ లేదు. ఒక డిటెక్టివ్, అతనికి 24 నైపుణ్యాలు, వాటి అంకెలు, పాచికలు. మాట నెగ్గడమూ పాచిక మీదే. మన పరీక్షలో ఇది నికార్సైన ఆర్పీజీ.

అసలు తగువు డార్క్ సోల్స్ (2011) లాంటి వాటితో. అక్కడా అంకెలు పెరుగుతాయి, కానీ తమ్ముడు సమయానికి దొర్లి తప్పుకోకపోతే చస్తాడు. ఒక్క లెవెల్ కూడా పెంచకుండా మొదటి లెవెల్లోనే ఆ ఆట పూర్తిచేసినవాళ్ళున్నారు. అంకే, చెయ్యీ రెండూ బరువు మోసే ఇలాంటి ఆటని యాక్షన్ ఆర్పీజీ అంటాం. ఈ పాయకి పేరు తెచ్చిన డయాబ్లోని మొదట వంతుల వారీ (ఒకరి తర్వాత ఒకరు కొట్టే) ఆటగానే తయారుచేస్తూ, మధ్యలో ఆగకుండా నడిచే పోరుగా మార్చారు. ఆ ఒక్క మార్పుతో ఆడే తీరంతా మారిపోయింది.

అలాగని వంతులు ఉన్నాయా లేవా అన్నదొక్కటే చూసి తేల్చేయకండి. మొదటి బాల్డర్స్ గేట్ (1998)లో పోరు దానంతటది నడుస్తూ, మనం ఆపినప్పుడు ఆగుతుంది. మూడోది (2023) పూర్తిగా వంతుల వారీ. రెండూ సీఆర్పీజీలే (కంప్యూటర్ ఆర్పీజీలు).

ఇక జేఆర్పీజీ, అంటే జపాన్ ఆర్పీజీ. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమి, వసిష్ఠగా చీలుతుంది. పాయ పేరు వింటే ఎటు పోయిందో తెలుస్తుంది గానీ నీళ్ళు ఎలాంటివో తెలియదు. జేఆర్పీజీ కూడా అలాంటి పేరే. డార్క్ సోల్స్ జపాన్‌దే, కానీ దాన్ని అలా పిలిచేవాళ్ళు తక్కువ. 2025లో వచ్చిన క్లెయిర్ అబ్‌స్క్యూర్ ఫ్రాన్స్‌లో తయారైంది, దాన్ని జేఆర్పీజీ అనేవాళ్ళు చాలామంది. అందులో పోరు వంతుల వారీదే. కానీ శత్రువు దెబ్బ కొట్టే క్షణంలో బటన్ నొక్కి తప్పించుకోవాలి, అంటే చేతికీ పనుంది. అందుకే స్టోర్‌లో అతికించిన ముద్ర చూసి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను. దాచుకున్న డబ్బుతో కొన్న ఆట మీ చేతికి నప్పకపోతే ఆ బాధ చిన్నదేం కాదు. పది నిమిషాల గేమ్‌ప్లే వీడియో చూసి మన పరీక్ష పెట్టండి.

అభ్యాసం: ఇంటర్నెట్ సెంటర్ల రోజుల నుంచీ మనవాళ్ళకి బాగా తెలిసిన జీటీఏ శాన్ ఆండ్రియాస్ (2004) తీసుకోండి. అందులో హీరో సీజే జిమ్‌కి వెళ్తే కండ పెరుగుతుంది, తెగ తింటే ఒళ్ళు వస్తుంది, కాల్చేకొద్దీ తుపాకీ నైపుణ్యం పెరుగుతుంది. మీకు నచ్చిన ఒక మిషన్ ఎంచుకుని తమ్ముడి పరీక్ష పెట్టండి. ఏ అంకె అతన్ని గెలిపించింది, ఏది ఊరికే కనిపిస్తోంది, విడివిడిగా రాయండి. ఆ తర్వాతే అది ఆర్పీజీయో కాదో చెప్పండి. వచ్చే పాఠంలో 1980 నాటి రోగ్‌తో మొదలుపెట్టి, చస్తే మళ్ళీ మొదటికొచ్చే ఆటల సంగతి చూద్దాం.