వెబ్ డిజైనర్ల నుంచి లింకులు రాకపోయినా, వచ్చినవి పోతున్నా: ముందు చూడవలసినవి

సమస్య: మంచి సమాచారం పెట్టినా డిజైనర్లు లింకు ఇవ్వడం లేదు

సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే ఉచిత పనిముట్టు సెర్చ్ కన్సోల్‌లో, మీకు ఎవరెవరు లింకు ఇచ్చారో చూపే లింకుల నివేదిక తెరిచారా? ఈ ఫిర్యాదు చేసేవారిలో చాలామంది తెరిచి ఉండరు. లింకు ఇచ్చినవారు ఆ మాట మీకు ఉత్తరం రాసి చెప్పరు కదా.

నివేదిక నిజంగానే ఖాళీగా ఉంటే లోపం పేజీలోనే ఉంటుంది. క్లయింటుతో వాదన తేల్చుకోవడానికో, ఒకే సంగతిని పదిమందికి విడివిడిగా వివరించే బాధ తప్పించుకోవడానికో డిజైనర్ లింకు ఇస్తాడు. ‘డిజైన్‌లో రంగుల ప్రాముఖ్యం’ అనే వ్యాసం ఈ రెండింటికీ అక్కరకు రాదు. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కాంట్రాస్టు (వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలని, పెద్ద అక్షరాలకు 3:1 చాలని చెప్పే డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ వాడుకోగలిగేలా ఉండేందుకు రాసిన ప్రమాణాలు) ఏఏ స్థాయి నియమాన్ని నమూనాలతో చూపే పేజీ అక్కరకు వస్తుంది. అలాంటి పేజీ ఒకటి సిద్ధం చేశాకే డిజైనర్లకు ఉత్తరాలు రాయండి.

సమస్య: లింకులు వచ్చాయి, కానీ ఒక్కొక్కటే పోతున్నాయి, సర్వర్ లాగులో (రాకపోకల చిట్టాలో) 404, అంటే ‘పేజీ దొరకలేదు’ అన్నది, ఒక్కటీ లేదు

దీని దగ్గరే అందరూ బోల్తా పడతారు. చిరునామాలు మార్చలేదు, దారిమళ్లింపులు సరిగానే ఉన్నాయి, పేజీ తెరుచుకుంటోంది. అయినా లింకు తీసేస్తున్నారు.

డిజైనర్లు చాలాసార్లు పేజీ మొత్తానికి కాక, తమకు కావలసిన విభాగానికే లింకు ఇస్తారు. అంటే చిరునామా చివర # పెట్టి ఆ విభాగపు ఐడీ (కోడ్‌లో దానికి పెట్టిన పేరు) రాస్తారు. చాలా సైట్లలో ఈ ఐడీని శీర్షికలోని మాటల నుంచి సాఫ్ట్‌వేరే తయారుచేస్తుంది. మీరు శీర్షికను కాస్త మెరుగుపరిచారంటే ఐడీ కూడా మారినట్టే. ఇక పాత లింకు నొక్కినవారు పేజీ మొదట్లోనే ఆగిపోతారు. # తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపనే పంపదు కాబట్టి లాగులో నిక్షేపంగా 200, అంటే ‘పేజీ దొరికింది’ అని, కనిపిస్తుంది. పాత ఐడీని పట్టుకుని 301 (శాశ్వత దారిమళ్లింపు) నియమం రాయడమూ కుదరదు, ఎందుకంటే సర్వర్‌కు ఆ ఐడీ తెలియదు.

ఇంతకన్నా చెడ్డ రకం మరొకటి ఉంది. ఒకే పేజీలో ‘ఉదాహరణలు’ అనే శీర్షిక రెండుసార్లు వస్తే, సాఫ్ట్‌వేర్ రెండోదాని ఐడీకి చివర ఒక అంకె తగిలిస్తుంది. మీరు పైన ఇంకో ‘ఉదాహరణలు’ చేర్చగానే అంకెలు జరిగిపోతాయి, లింకు వేరే విభాగానికి వెళ్తుంది. లింకు ఇచ్చిన డిజైనర్ తన క్లయింటు ముందు నవ్వులపాలవుతాడు. తర్వాత మీ సైటు వైపు ఎందుకు చూస్తాడు?

పరిష్కారం: నివేదికలో కనిపించే పేజీలను తెరిచి, అక్కడున్న మీ లింకును స్వయంగా నొక్కండి. ఎవరూ చేయని తనిఖీ ఇదే. పోయిన ఐడీ ఏ విభాగానిదో తెలియకపోతే వెబ్ పేజీల పాత నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత పేజీ మూలకోడ్ చూడండి. ఒక మూలకానికి ఒక్క ఐడీయే ఉండాలి కాబట్టి, శీర్షికకు ముందు ఖాళీ మూలకం ఒకటి పెట్టి పాత ఐడీని దానికి ఇవ్వండి. విభాగం వేరే పేజీకి మారి ఉంటే, పాత పేజీలో ఐడీని చదివి కొత్త చోటికి పంపే జావాస్క్రిప్ట్ నాలుగు వరుసలు కావాలి.

ఇకమీదట ఐడీలు మీరే రాయండి, శీర్షిక మారినా వాటిని కదపకండి. తెలుగు లిపిలో కాకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో రాయడం మేలు. తెలుగు చిరునామాను కాపీ చేసినప్పుడు తరచుగా ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు 9 గుర్తులుగా విడిపోతుంది. ఆ తోకను చూసి సగం కత్తిరించేవారూ ఉన్నారు.

లింకు సరైన చోటికే వెళ్తున్నా శీర్షిక పైపట్టీ కింద దాక్కుంటే, సీఎస్ఎస్‌లో స్క్రోల్-మార్జిన్-టాప్ పెంచండి.

సమస్య: లింకులు ఉన్నాయి, సెర్చ్‌లో ఫలితం లేదు

నోఫాలో (ఈ లింకును లెక్కలోకి తీసుకోవద్దని సెర్చ్ ఇంజిన్‌కు చెప్పే గుర్తు) ఉందేమోనని డిజైనర్లను వేధించకండి. దాన్ని సూచనగానే తీసుకుంటామని గూగుల్ 2019లోనే చెప్పింది. క్లయింట్ల సైట్ల అడుగున మీ లింకు పెట్టేలా ఎవరితోనైనా ఒప్పందం చేసుకుని ఉంటే మాత్రం తీయించండి. అలా విస్తారంగా పరచిన అడుగు లింకులు గూగుల్ స్పామ్ విధానాల జాబితాలో ఉన్నాయి. మాన్యువల్ చర్య (గూగుల్ సిబ్బంది స్వయంగా చూసి సైటుకు వేసే శిక్ష) భయమైతే సెర్చ్ కన్సోల్‌లో దానికంటూ ఒక పేజీ ఉంది. అక్కడ ఏమీ లేకపోతే డిసవో పనిముట్టు (ఫలానా లింకులను లెక్కించవద్దని గూగుల్‌కు చెప్పేది) జోలికి వెళ్లకండి.